వశిష్ట గోదావరి మీద ఒక రోజు పడవ షికారు: ఆటుపోట్లు చూసుకుని, పని పడవలకు దారిచ్చి

కోనసీమలో వశిష్ట ఒడ్డునున్న దిండికి ఏ నెలలో వెళ్లాలి, ఎలాంటి బోటు మాట్లాడుకోవాలి, చిన్నపిల్లల్ని ఎక్కించొచ్చా, అంతర్వేది కూడా అదే రోజు కుదురుతుందా అని చాలామంది అడుగుతున్నారు. వాటన్నిటికీ కలిపి ఒకేచోట, చేయాల్సిన వరుసలో రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. వశిష్ట పాయ షికారు కోసం కట్టిన చెరువు కాదు. తెల్లారకముందే వలలు దిగుతాయి. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు (బళ్లనీ జనాన్నీ దాటించే పెద్ద పడవ) తిరుగుతూనే ఉంటుంది. అంతర్వేది పక్కనున్న పల్లిపాలెం వేట బోట్లు సముద్రానికి పోతూ వస్తూ ఉంటాయి. మనం సరదాకి వెళ్తున్నాం, వాళ్లు కూటికి వెళ్తున్నారు. మీ రోజును వాళ్ల పని వేళలకూ నీటి వేళలకూ లోబడి వేసుకోండి. అలా వేసుకున్న రోజే సుఖంగానూ క్షేమంగానూ గడుస్తుంది. కింద రాసిన ప్రతి అడుగూ అందుకోసమే.

## 1. దారి ఖాయం చేసుకోండి

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి నేను చెప్పే దారి ఇది. పాలకొల్లులోనో నరసాపురంలోనో రైలు దిగండి. రోడ్డున చించినాడ వంతెన దాటితే దిండి. ఉదయం పూట అక్కడే బోటు షికారు. తర్వాత మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా రోడ్డున అంతర్వేది. సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే నరసాపురం, అక్కడే రైలు. వచ్చిన దారిన మళ్లీ వెనక్కి పోయే పని లేదు.

దిండి నుంచి అంతర్వేది దాకా నది మీదే వెళ్లొచ్చు కదా అంటారు. ఒక్క రోజులో పిల్లలతో, పెద్దవాళ్లతో అది వద్దు. దూరం ఎక్కువ. కిందికి పోయేకొద్దీ ఆటుపోట్ల బలం పెరుగుతుంది, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి తగులుతుంది. పైగా దిండిలో తిరిగే బోటుకి అంత దూరం పోయే అనుమతి ఉండాలిగా. "ఏం కాదు సార్, తీసుకెళ్లిపోతాం" అనే మాట మీద బయల్దేరొద్దు.

రోజు ఇలా వేసుకోవచ్చు. పోటు వేళను బట్టి గంటా గంటన్నర అటూ ఇటూ జరుపుకోండి.

- ఉదయం 6:30 – వంతెన దాటి దిండి చేరడం
- 7:00 – బోటు చూసుకోవడం, జాకెట్లు వేసుకోవడం
- 7:30 నుంచి 10:30 – నది మీద
- 11:30 దాకా – టిఫిను, కొబ్బరి చెట్ల కింద కాస్త నడుం వాల్చడం
- మధ్యాహ్నం – అంతర్వేది
- 4:00 – అంతర్వేది నుంచి తిరుగు ప్రయాణం
- 5:00 లోపు – పంటు

డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. చీకటి పడ్డాక నది మీద ఉండకూడదు. ఈ ఒక్క నియమాన్నీ ఎవరి కోసమూ సడలించకండి.

## 2. నెల, రోజు ఎంచుకోవడం

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతుంటాయి. ఆ రోజుల్లో టికెట్లు కొనేసినా సరే, వాతావరణ హెచ్చరిక వస్తే మానుకోండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం, అప్పుడు షికారు ఊసే వద్దు. పులస తినాలని వచ్చేవాళ్లు ఆ కాలంలోనే వస్తారు. తినండి, కానీ ఒడ్డున కూర్చుని తినండి.

వరద గురించి చాలామంది ఒక పొరపాటు లెక్క వేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల వద్ద ఇస్తారు. అప్పటికి సుమారు 10 లక్షల క్యూసెక్కుల నీరు పోతుంటుంది. రెండోది 13.75, మూడోది 17.75 అడుగులు. "ఇంకా మొదటి హెచ్చరికే రాలేదు కదా, ఫర్వాలేదు" అనుకుంటారు. ఆ హెచ్చరికలు లంక గ్రామాలకూ గట్లకూ సంబంధించినవి, షికారు బోట్లకు కొలత కావు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిననాడు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు, అంటే మొదటి హెచ్చరికలో సగం. నీళ్లు ఎర్రగా, చెట్ల కొమ్మలు కొట్టుకొస్తూ కనిపిస్తే బ్యారేజీ అంకె ఎంతున్నా ఎక్కకండి.

తప్పించుకోవాల్సిన రోజులు ఇంకొన్ని ఉన్నాయి.

- సంక్రాంతి మూడు రోజులు, వాటికి ముందువెనక వారాంతాలు. గదులు దొరకవు, రేవుల్లో బళ్లు బారులు తీరుతాయి, బోట్లలో జనాన్ని కుక్కుతారు.
- అంతర్వేది తీర్థం. మాఘమాసంలో భీష్మ ఏకాదశినాడు రథోత్సవం. తీర్థానికే రావాలనుకుంటే రండి, దానికి బోటు షికారు కలపకండి.
- కార్తీక సోమవారాలు, కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున రేవుల్లో స్నానాలు చేస్తుంటారు, అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. బోటు లేపిన అలకి అవి ఆరిపోతాయి, బోల్తాపడతాయి. ఆ వేళకి మీ ఇంజను చప్పుడు అక్కడ ఉండకూడదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. అప్పుడు బోట్లు ఒడ్డున కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. చూడ్డానికి ఆసక్తిగానే ఉంటుంది గానీ ఎండకి తట్టుకోలేరు. ఉదయం తొమ్మిది లోపు ముగించగలిగితేనే ఆ నెలలు ఎంచుకోండి.

## 3. ఆటుపోట్లు చదవడం

ఈ పనిలో అందరూ వదిలేసే అడుగు ఇదే. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకి నది అంటే ఎప్పుడూ ఒకే వైపు పారేది. వశిష్ట దిగువ భాగంలో అలా కాదు. సముద్రంలో పోటు వచ్చినప్పుడు నీరు ఎగువకి తిరుగుతుంది, ఆటులో దిగువకి లాగుతుంది. బ్యారేజీ నుంచి వదిలే నీరు తగ్గిన వేసవిలో ఉప్పునీరు చాలా పైదాకా ఎక్కి వస్తుంది.

లెక్క ఇలా:

1. ఒక నిండు పోటుకీ మరో నిండు పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ ఉదయం 7:00కి నిండు పోటైతే, మధ్యాహ్నం 1:10 ప్రాంతంలో నీరు బాగా దిగుతుంది, రాత్రి 7:25కి మళ్లీ నిండుతుంది, రేపు ఉదయం 7:50కి ఇంకోసారి. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.
2. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, వాటి తర్వాత ఒకట్రెండు రోజులూ పోటు పెద్దది, లాగుడు గట్టిది. అష్టమి ప్రాంతంలో చిన్నది. ఇంట్లో గోడమీది క్యాలెండరు చాలు, తిథి చూసుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు అష్టమికి అటూ ఇటూ ఉన్న రోజులు ఎంచుకుంటే మేలు.
3. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, చెప్పే వేళ దిండిలో సరిపోదు. పోటు పైకి ఎక్కి రావడానికి సమయం పడుతుంది. పైగా ఎగువకి పోయేకొద్దీ నీరు ఎక్కడం తక్కువసేపు, దిగడం ఎక్కువసేపు. అందుకని ముందురోజు సాయంత్రం అక్కడి జాలరిని అడగండి: "రేపు పొద్దున్న నీరు ఎప్పుడు తిరుగుతుందండీ?" అని. ఫోనులో చూసిన వేళ కన్నా ఆ మాటే సరైనది.

రేవులో నిలబడి మీరే చూసుకోవాలంటే:

- కొట్టుకుపోతున్న గుర్రపుడెక్క ఏ వైపు పోతోందో చూడండి. నీరు అటే పోతోంది.
- ఒక్క లంగరు మీద ఆగిన నావ ముక్కు సాధారణంగా ప్రవాహానికి ఎదురుగా తిరిగి ఉంటుంది.
- రేవు మెట్ల మీద, వంతెన స్తంభాల మీద తడి గీత చూడండి. నీటిమట్టం పైన తడిగా ఉన్న పట్టీ వెడల్పుగా ఉంటే నీరు దిగుతోంది. పొడి మెట్టు అంచుదాకా నీరు నాకుతూ ఉంటే ఎక్కుతోంది.

దీన్ని ఎలా వాడుకోవాలి:

బయల్దేరినప్పుడు నీటికి ఎదురు పోవాలి, తిరిగొచ్చేటప్పుడు నీరే మనల్ని రేవుకి తేవాలి. ఇంజను మొరాయించినా అప్పుడు రేవు వైపే కొట్టుకొస్తాం. గంటకి 8 కిలోమీటర్లు పోయే బోటుని లెక్కకి తీసుకోండి. నీరు గంటకి 3 కిలోమీటర్లు లాగుతోందనుకుంటే వాలున 11, ఎదురు 5. దీనికి తిరగేసి వాలున బయల్దేరితే, పోయేటప్పుడు గంటలో హాయిగా సాగిన దూరం వచ్చేటప్పుడు రెండు గంటలకు పైన పడుతుంది. "గంటలో వెళ్లాం కదా, గంటలో వచ్చేస్తాం" అన్న లెక్కతోనే చాలామంది రైళ్లు పోగొట్టుకుంటారు.

ఇంకో నియమం. లంకల మధ్య సన్నటి పాయల్లోకి, ఇసుక మేటల వైపు పోవాలంటే నీరు ఎక్కుతున్నప్పుడే పోవాలి. ఎక్కే నీటిలో మేటకి తట్టుకుంటే కాసేపటికి బోటు తనంత తానే తేలుతుంది. దిగే నీటిలో తట్టుకుంటే మళ్లీ పోటు వచ్చేదాకా గంటల తరబడి ఎండలో కూర్చోవాల్సిందే.

గాలి సంగతి. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి గాలి ఎగువకి వీస్తూ, నీరు ఆటులో దిగువకి లాగుతుంటే రెండూ ఢీకొని పొట్టి పొట్టి అలలు లేస్తాయి. వెడల్పు పాయలో చిన్న బోటు బాగా ఊగుతుంది. షికారు ఉదయమే పెట్టుకోమనేది అందుకే.

## 4. బోటు ఎంచుకోవడం

ధర అడిగే ముందు బోటు చూడండి. పది నిమిషాలు పడుతుంది. యజమాని విసుక్కుంటే ఆ బోటు వదిలేసి పక్కది చూడండి.

కాగితాలు: రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్ పత్రం, ఎంతమందిని ఎక్కించొచ్చో రాసిన అనుమతి, సరంగు (బోటు నడిపే మనిషి) లైసెన్సు. అనుమతి ఏ రేవు నుంచి ఏ రేవుకో కూడా చదవండి. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర బోల్తాపడిన బోటుకి అక్కడ తిరిగే అనుమతే లేదు. కాగితం అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

తలల లెక్క: బోటు మీద రాసిన సంఖ్యలో చంటిపిల్లలు కూడా ఒక్కొక్కరుగా లెక్కే. సరంగు, అతనికి సాయంగా ఉండే కళాసీలు కూడా మనుషులే, బోటు మోసే బరువులో వాళ్లూ ఉన్నారు. "చిన్నపిల్లలే కదా" అని నలుగురిని అదనంగా ఎక్కిస్తుంటే మీరే దిగిపోండి.

బోటులో కళ్లారా చూడాల్సినవి:

- [ ] అందరికీ సరిపడా లైఫ్ జాకెట్లు, పిల్లలకి పిల్లల సైజువి
- [ ] తాడు కట్టిన లైఫ్ బాయ్, చేతికి అందేచోట
- [ ] లంగరు, దానికి గట్టి మోకు (లంగరు ఎక్కడో మూల సామాను కింద ఉంటే తీయించి ముందు పెట్టించండి)
- [ ] పొడుగాటి గెడ, కనీసం రెండు తెడ్లు
- [ ] నీళ్లు తోడే డబ్బా
- [ ] మంటలార్పే సిలిండరు
- [ ] సరిపడా డీజిలు, కొంత అదనం
- [ ] ఈల, టార్చి

అడుగు చెక్కలు లేపించి చూడండి. కొద్దిపాటి చెమ్మ మామూలే. చీలమండ మునిగేంత నీరుంటే కారణం అడగండి. ఇంజను ఆన్ చేయించి ఐదు నిమిషాలు వినండి, ఆపి మళ్లీ వెంటనే స్టార్టు చేయించండి. రెండోసారి మొరాయించే ఇంజను నది మధ్యలో కూడా అదే పని చేస్తుంది.

అద్దాలు మూసిన ఏసీ గదిలో కూర్చోబెట్టే బోటైతే బయటికి దారులెన్నో చూసుకోండి. ఒకటే తలుపుంటే లోపల కూర్చోవద్దు. పైకప్పు మీద కుర్చీలు వేసి జనాన్ని కూర్చోబెట్టే బోటు వద్దే వద్దు. బరువు పైకి పోయేకొద్దీ బోటు తూలుతుంది.

## 5. మాట ఖాయం చేసుకోవడం

బేరం రేవులో అరిచి ఆడొద్దు. పక్కకి పిలిచి ఈ ఐదూ మాట్లాడి, వాట్సాప్‌లో రాసి పంపించుకోండి.

1. ఎన్ని గంటలు, ఎక్కడిదాకా, ఎక్కడెక్కడ ఆగాలి
2. డీజిలు ధరలో కలిసిందా
3. మన వల్ల ఆలస్యమైతే గంటకెంత
4. వాతావరణం బాగోక ఆగిపోతే అడ్వాన్సు సంగతి
5. బోటులో మన వాళ్లు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదని

సరంగుకీ కళాసీకీ టిఫిను మీరే పెట్టించండి. మూడు గంటలు మన ప్రాణాలు వాళ్ల చేతుల్లో ఉంటాయి. పొద్దున్నే ఆకలితో రానివ్వడం బాగోదు. బోటు ఎవరిదైనా, నది మీద చివరి మాట సరంగుదేనని మీ వాళ్లందరికీ ముందే చెప్పండి. అతను వెనక్కి తిరుగుదాం అంటే తిరగడమే. డబ్బులిచ్చాం కదా అని ఒత్తిడి చేసేవాళ్ల వల్ల ప్రమాదాలు ఒడ్డు నుంచే మొదలవుతాయి.

## 6. సంచిలో ఏమేం

తేలిగ్గా వెళ్లండి.

- [ ] మనిషికి రెండు లీటర్ల నీళ్లు
- [ ] పులిహోర, దద్దోజనం, అరటిపళ్లు – గ్యాసు పొయ్యి, వంట సామాను బోటులోకి వద్దు
- [ ] టోపీ లేదా తువ్వాలు, పొడి బట్టలు ఒక జత
- [ ] ఫోన్లకి జిప్ కవరు, ఒక పవర్ బ్యాంకు
- [ ] రోజూ వేసుకునే మందులు, కట్టు గుడ్డ, ఓఆర్ఎస్
- [ ] చెత్తకి ఒక పెద్ద సంచి
- [ ] పంటుకి చిల్లర

చీర కట్టుకునే వాళ్లు కొంగు, కుచ్చిళ్లు బిగించుకునేలా చూసుకోండి, చుడీదారు ఇంకా హాయి. చెప్పులు తేలిగ్గా విడిచేలా ఉండాలి. బరువైన బూట్లు వద్దు. బోటు ఎక్కే ముందే అందరూ మరుగుదొడ్డికి వెళ్లిరండి, ముఖ్యంగా పిల్లలు, షుగరున్న పెద్దవాళ్లు.

మద్యం సంచిలో పెట్టకండి, పక్కవాళ్లు పెట్టుకున్నా తీయించండి.

## 7. జాకెట్ వేసుకోవడం, బోటు ఎక్కడం

జాకెట్ ఒడ్డునే వేసుకోవాలి. రేవు మెట్టుకీ బోటుకీ మధ్య కాలు జారడం నది మధ్యలో పడటం కన్నా ఎక్కువసార్లు జరుగుతుంది.

1. బకిల్సన్నీ పెట్టి, పక్క పట్టీలు ఊపిరాడేంత వదులుంచి బిగించండి.
2. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే అది కూడా పెట్టండి. లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి లేచిపోయి మనిషి కిందికి జారతాడు.
3. వెనక నుంచి ఒకరు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ చెవులదాకా వచ్చేస్తే వదులుగా ఉన్నట్టు. మళ్లీ బిగించండి.
4. పిల్లలకి పెద్దవాళ్ల జాకెట్ తాళ్లతో చుట్టి కట్టొద్దు. సరిపడేది లేకపోతే ఆ పిల్లని ఎక్కించకండి. చంటిబిడ్డల్ని అసలు వద్దు.

ఉక్కపోస్తోందని నది మధ్యలో విప్పేస్తారు. పొద్దున్నే వెళ్లమనడానికి ఇదీ ఒక కారణం, చల్లటి వేళలో జాకెట్ బరువనిపించదు.

ఎక్కేటప్పుడు ఒక్కొక్కరే ఎక్కాలి. చేతిలో సామాను ఉండకూడదు, కళాసీ చేయి అందిస్తే మణికట్టు దగ్గర పట్టుకోండి. బోటు మధ్యలో కాలు పెట్టి వెంటనే కూర్చోండి. బరువైనవాళ్లు రెండు పక్కలా సమంగా సర్దుకోవాలి.

డిసెంబరు, జనవరిలో కోనసీమ మీద మంచు దట్టంగా పడుతుంది. అవతలి గట్టు కొబ్బరి చెట్లు స్పష్టంగా కనపడేదాకా మోకు విప్పనివ్వకండి. ఎనిమిదైనా తొమ్మిదైనా ఆగాల్సిందే.

## 8. నది మీద

మొదటి అరగంట కదలకుండా కూర్చోండి. బోటు ఊపు అలవాటయ్యేదాకా ఫోటోలు ఆపండి.

ఒకరు కొంగనో, లంకలోని అరటి తోటనో చూపిస్తారు, అందరూ అటువైపు లేస్తారు. బోటు ఒరిగేది అప్పుడే. లేవాలనుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేవాలి, ఒక చేయి ఎప్పుడూ బోటును పట్టుకుని ఉండాలి. పాటలు పెట్టుకుంటే సరంగు మాట వినపడేంత తగ్గించి పెట్టుకోండి. డాన్సులు ఒడ్డున చేసుకోవచ్చు.

లంకలో దిగాలనిపిస్తే మూడు చూడండి. బురద ఎంత లోతో గెడతో పొడిచి చూడాలి. నీరు ఎక్కుతోందా దిగుతోందా తెలియాలి. ఆ నేల ఎవరైనా సాగు చేసుకుంటున్నదా అని అడగాలి. లంకల్లో పంటలుంటాయి, రైతుని అడక్కుండా అడుగు పెట్టొద్దు. ఇసుక తిన్నె అంచున మోకాలి లోతు నీళ్లలో నిలబడితే రెండో అడుగులో నిలువు లోతు ఉండొచ్చు. ఈత వచ్చినా దిగకండి.

## 9. పని చేసుకునేవాళ్ల మధ్య

నా దృష్టిలో ఈ రోజంతటికీ ఇదే అసలు పరీక్ష.

వలలు. నీటి మీద వరుసగా తేలే బెండ్లు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, నిలబెట్టిన కర్రలు కనిపిస్తే అక్కడ వల ఉన్నట్టే. సరంగుకి తెలుసు, కానీ మీరు త్వరపెడితే అడ్డంగా పోనిస్తాడు. చుట్టూ తిరిగి పొమ్మనండి. నీళ్లలో తిరిగే ఇంజను పంకాకి వల చుట్టుకుంటే వెంటనే ఇంజను ఆపి, వల యజమానిని పిలిచి విడదీయించాలి. కత్తితో కోసి పారిపోవడం ఆ ఇంటి రోజు కూలిని కోయడమే. నష్టం జరిగితే అక్కడికక్కడే డబ్బివ్వండి.

చిన్న నావలు. ఒంటరిగా కూర్చుని వల తీస్తున్న మనిషి పక్క నుంచి వేగంగా పోతే మన అలకి అతని నావలో నీళ్లు పడతాయి. దూరం నుంచే వేగం తగ్గించాలి.

ఇసుక పడవలు. నిండుగా వేసుకున్న పడవ అంచు నీటికి జానెడు ఎత్తులో ఉంటుంది. అది చప్పున ఆగలేదు, తిరగలేదు. మనమే పక్కకి తొలగాలి.

పంటు. బళ్లతో జనంతో అడ్డంగా దాటుతుంది. దాని ముందు నుంచి దూసుకుపోవద్దు, ఆగి వెనక నుంచి పోండి.

ఫోటో తీసేముందు చేయి ఊపి అడగండి. ఆడవాళ్లు రేవులో బట్టలుతుకుతున్నా స్నానం చేస్తున్నా కెమెరా దించేయండి. నది మధ్యలో నావను ఆపించి చేపలు బేరమాడొద్దు, పని చెడుతుంది. ఒడ్డుకి వచ్చాక కొనండి. పండుగప్ప, రొయ్యలు, పీతలు దొరికిన రోజైతే ఐసు డబ్బా దగ్గరుంచుకోండి. ధర గట్టిగా గీయకుండా కొనమని నా మనవి.

## 10. అంతర్వేది, సాగర సంగమం

రోడ్డున చేరాక లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళ్లొచ్చు. ఇసుకలో బండి ఎంతదాకా పోతుందో అక్కడివాళ్లని అడిగి ఆపేయండి. సంగమం దగ్గర స్నానానికి దిగొద్దు. నది లాగుడు, సముద్రపు అల, కింద కదిలే ఇసుక మూడూ ఒకేచోట పనిచేస్తాయి. మొగ దాటించి సముద్రంలోకి తీసుకెళ్తామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. పల్లిపాలెం వైపు వేట బోట్లు ఒడ్డుకి వచ్చే వేళైతే పక్కన నిలబడి చూడండి, దింపుడు పనికి అడ్డం రాకుండా.

## 11. పంటు దాటడం

సఖినేటిపల్లి రేవుకి పొద్దున్నే ఒకసారి వాకబు చేసి, ఆ రోజు పంటు నడుస్తోందా, ఆఖరి పంటు ఎన్నింటికి అని తెలుసుకోండి. వరద వస్తే ఆపేస్తారు.

- కారు ఎక్కించాక హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, అందరూ దిగాలి. కార్లో ఎవరూ కూర్చోకూడదు.
- బైకు స్టాండు వేసినా హ్యాండిల్ మీద చేయి ఉంచండి.
- ముందు పలక దగ్గర, గొలుసు దగ్గర నిలబడొద్దు. ఒడ్డుకి తగిలేటప్పుడు కుదుపు ఉంటుంది.
- ఆసుపత్రికి పోయేవాళ్లు, బడిపిల్లలు, కూలి నుంచి తిరిగొచ్చేవాళ్లు ముందు ఎక్కనివ్వండి. మనకి అది షికారు, వాళ్లకి ఇంటికి దారి.

## 12. ఏదైనా తేడా వస్తే

ఇంజను ఆగింది. బాగుచేయడం తర్వాత, ముందు లంగరు. బాగుచేసే పది నిమిషాల్లో ఆటు మనల్ని ఎక్కడికో లాగేస్తుంది. లంగరు పట్టాక అందరూ కూర్చునే ఉండాలి.

మేటకి తట్టుకుంది. ఇంజను రేసు చేస్తే పంకా ఇసుకలో ఇంకా దిగబడుతుంది. ఇంజను ఆపి, జనాన్ని నెమ్మదిగా వెనక భాగానికో ముందుకో సర్ది, గెడతో వచ్చిన వైపే నెట్టించండి. నెట్టడానికి ప్రయాణికులు దిగకూడదు.

మనిషి నీళ్లలో పడ్డాడు. గట్టిగా అరవండి. ఒకరు అతని వైపే వేలు చూపిస్తూ చూపు తిప్పకుండా ఉండాలి. పంకా ఆగాలి. లైఫ్ బాయ్ విసిరి లాగండి. వెంట దూకొద్దు.

బోటు బోల్తాపడింది. తేలుతుంటే బోటునే పట్టుకుని ఉండండి, ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదడం మొదలెట్టొద్దు. పిల్లల్ని మధ్యలో ఉంచి పెద్దలు చుట్టూ చేతులు కలపండి. ఈల ఊదండి. దగ్గర్లోని నావలు ముందు చేరతాయి.

ఫోను చేయాలి. 112, అంబులెన్సుకి 108. ఎక్కడున్నారో చెప్పడానికి ఎడమ గట్టు మీద కనిపించే ఊరు, రేవు, వంతెన పేర్లు బయల్దేరినప్పుడే ఒకరు రాసుకుంటూ ఉండాలి. ఒడ్డున ఉన్న బంధువొకరికి బోటు నంబరు, సరంగు ఫోను, తిరిగొచ్చే వేళ పంపించండి.

ఎండ దెబ్బ, వాంతులు. నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి, చూపు దూరపు గట్టు మీద పెట్టమనండి. తగ్గకపోతే దగ్గరి రేవులో దించి రోడ్డున తీసుకెళ్లండి.

ఆఖరి పంటు తప్పిపోయింది. చీకట్లో చిన్న నావ మాట్లాడుకుని దాటొద్దు, ఎంత తక్కువకి వస్తామన్నా సరే. కారు వెనక్కి తిప్పి మలికిపురం మీదుగా దిండి చేరి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లండి. నరసాపురం నుంచి వచ్చే రైలుని అక్కడ అందుకోవచ్చేమో స్టేషనుకి చేరకముందే ఫోనులో చూసుకోండి.